పిల్లల మాటను దాచగలవారే ట్రస్టీలు

ఈసారి పాఠము ట్రస్టీలను గూర్చి. బడికో ఆసుపత్రికో ఉండే ట్రస్టీలు కారు. ఊరిలోని పిల్లల, యౌవనస్థుల మనోవేదనను వినడానికి, అవసరమైనప్పుడు వైద్యుని దగ్గరకు చేర్చడానికి ఏర్పడే చిన్న ధర్మసంస్థను నడిపించే ట్రస్టీలు. ఇటువంటి సంస్థ పెట్టదలచినవారు మొదట మన వంటి పెద్దల దగ్గరకే వస్తారు. రిటైరైన హెడ్మాస్టరు, బ్యాంకులో పనిచేసి దిగినవారు, ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు చేసిన నర్సమ్మ, వీరి పేర్లు ఉంటే నలుగురూ నమ్ముతారని వారి ఆశ. పేరు ఇవ్వడము సులువే. ఆ పేరు వెనుక ఉన్న పని తెలిసి ఇచ్చేవారు తక్కువ.

అవసరము అంత ఉన్నదా అని అడిగేవారికి రెండు లెక్కలు చెబుతాము. 2015-16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ ఆధ్వర్యములో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుండి 17 ఏళ్ల వారిలో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. ఆ వయస్సు పిల్లలు వందమంది ఉన్నచోట ఏడుగురన్నమాట. రెండవది, జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. 2022లో దేశములో తమ ప్రాణము తాము తీసుకున్నవారు 1,70,924 మంది. అందులో విద్యార్థులు 13,044 మంది. రోజుకు 35 మందికి పైగా.

ఈ సేవ ఎట్లా పుట్టినదో తెలుసుకుంటే ట్రస్టీ స్థానము ఎక్కడో అర్థమవుతుంది. చాడ్ వారా అనే ఇంగ్లండు పాదిరి గారు 1935లో తాము జరిగించిన మొదటి భూస్థాపన ఒక చిన్న బాలికదని చెప్పేవారు. ఆ పిల్ల పెద్దమనిషి అయినప్పుడు అది ఏదో చెడ్డ రోగమని భయపడి, అడగడానికి మనిషి లేక ప్రాణము తీసుకున్నది. 1953లో వారు లండనులో, వేదనలో ఉన్నవారు ఫోను చేస్తే వినే సేవ ఆరంభించారు. అదే సమారిటన్స్. వారి కోసము వచ్చినవారు ముందు గదిలో కూర్చుని ఉంటే, అక్కడ స్వచ్ఛందముగా పనిచేసేవారు టీ ఇచ్చి మాట వినేవారు. చాలామందికి అక్కడే బరువు దిగిపోయి, పాదిరి గారి వరకు వచ్చే అవసరమే ఉండేది కాదు. అది గమనించి 1954లో వినే పనిని ఆ సామాన్యులకే అప్పగించారు. చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ గారు స్థాపించిన స్నేహా సంస్థ కూడా శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకుల మీదనే నడుస్తున్నది.

కనుక వినేవారు వేరు, వైద్యము చేసేవారు వేరు, ట్రస్టీలు వేరు. తెలుగులో ధర్మకర్త అనే మంచి మాట ఉన్నది గాని, గుడి ధర్మకర్తలకే అది అలవాటై మనవారు ట్రస్టీ అనే అంటారు. ఏ మాట వాడినా భావము ఒక్కటే, తనది కానిదానిని ఇంకొకరి మేలు కొరకు పట్టుకొని ఉన్నవాడు. ఇక్కడ పట్టుకొని ఉన్నది డబ్బు ఒక్కటే కాదు, పిల్లలు చెప్పుకొన్న మాట కూడా. డబ్బు పోతే మరల పోగుచేయవచ్చు. ఒక ఊరిలో మాట బయటికి పోయిందంటే ఆ సంస్థ తలుపు తెరిచి ఉన్నా మూసినట్లే.

మేము ఎరిగిన ఒక పట్టణములో జరిగినది చెబుతాము. ఊరి పేరు, మనుష్యుల పేర్లు అవసరము లేదు. మూడు నెలలకు ఒకసారి జరిగే ట్రస్టీల కూటములో కౌన్సిలరు అమ్మాయి రిపోర్టు చదువుతూ, పదవ తరగతి బాలిక ఒకతె చేయి కోసుకుంటున్నదని చెప్పింది. ఒక పెద్దాయన, "ఎవరి పిల్లమ్మా?" అన్నారు. "పేర్లు చెప్పకూడదండీ" అన్నది ఆమె. "అందరమూ మనవాళ్లమే కదమ్మా, చెబితే ప్రార్థనలో పెట్టుకుంటాము" అన్నారాయన. జీతము ఇచ్చేవారు అడిగితే ఎంతసేపు కాదంటుంది? చెప్పింది. ఆయన దురుద్దేశముతో అడగలేదు. ఇంటికి వెళ్లి భార్యతో అన్నారు, ఆమె ఆ పిల్ల మేనత్తతో అన్నది. తరువాత రెండు నెలలు తెలుగు ఇళ్ల నుండి ఒక్క పిల్ల కూడా ఆ మెట్లు ఎక్కలేదు. పక్క వీధుల వారి పిల్లలు మాత్రము వస్తూనే ఉన్నారు.

పెద్ద నగరములో ఇది ఇంత ప్రమాదము కాకపోవచ్చు. మన సంగతి వేరు. మూడు నాలుగు తరాలుగా ఒకే చోట స్థిరపడి, ఒకరి పిల్లను ఒకరు చేసుకొన్నవారము. కూటములో కూర్చున్న అయిదుగురు ట్రస్టీలలో ఇద్దరైనా ఆ పిల్లకు మామయ్యో పెద్దనాన్నో అవుతారు. వయస్సు, తరగతి, వీధి ఈ మూడూ చెబితే చాలు, పేరు చెప్పకుండానే ఎవరో తెలిసిపోతుంది. అందుచేత ట్రస్టీల ముందుకు వచ్చే రిపోర్టులో లెక్కలే ఉండాలి. ఎందరు వచ్చారు, ఎందరిని ఆసుపత్రికి పంపారు, మొదటి ఫోనుకూ మొదటి కలయికకూ మధ్య ఎన్ని రోజులు పట్టింది, ఒకసారి వచ్చి మరల రానివారు ఎందరు. ఈ చివరి ప్రశ్న మా లెక్కలో అన్నిటికన్న ముఖ్యమైనది. పిల్లల ఫైళ్లున్న బీరువా తాళము ట్రస్టీ దగ్గర ఉండకూడదు. తన బంధువుల సంగతి అనుమానము వచ్చినప్పుడు ట్రస్టీ లేచి బయటికి వెళ్లాలి, వెళ్లినట్లు మినిట్స్ పుస్తకములో వ్రాయాలి.

అయితే దాచకూడనివి కూడా ఉన్నవి. పిల్లవాని ప్రాణానికి వెంటనే ముప్పు ఉంటే, వానిని కాపాడటానికి ఎంత అవసరమో అంత, ఎవరికి అవసరమో వారికి చెప్పాలి. ఇక పదునెనిమిదేళ్ల లోపు వారిపై లైంగిక అత్యాచారము జరిగినదని తెలిస్తే, జరగవచ్చునని అనుమానము ఉన్నా, 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము పోలీసులకు తెలపాలి. తెలపకపోవడమే నేరము, సంస్థ బాధ్యులకు శిక్ష ఇంకా ఎక్కువ. చేసినవాడు సంఘములో పెద్దమనిషి అయినా, ట్రస్టుకు పెద్ద చందా ఇచ్చినవాడైనా ఇందులో మినహాయింపు లేదు. సంఘము పరువు కొరకు లోపల సర్దుబాటు చేద్దామనే మాట కూటములో వస్తే, ఆ మాటను ఆపవలసినవాడు ట్రస్టీయే. ఈ నియమము ముందే కాగితము మీద ఉండాలి. పిల్లలు మొదటి రోజు వచ్చినప్పుడే, ఏది దాస్తామో ఏది దాచలేమో వారికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి.

పోలీసుల మాట వచ్చినది కనుక ఒక పాత భయము తీసివేయాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన పిల్లను ఆసుపత్రికి తీసుకొనిపోతే కేసు అవుతుందని ఇప్పటికీ దాచేవారున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించి, శిక్షించకుండా సంరక్షణ ఇవ్వాలన్నది. పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షను 1 జూలై 2024 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేనే లేదు. ఇది ప్రతి ట్రస్టీకి నోటికి వచ్చి ఉండాలి, ఎందుకంటే అర్ధరాత్రి తల్లిదండ్రులు ఫోను చేసేది మన వంటివారికే.

భాష సంగతి. మన పిల్లలు చెన్నైలో తమిళములో, కోలారులో కన్నడములో, బరంపురములో ఒడియాలో, షోలాపూరులో మరాఠీలో స్నేహితులతో మాట్లాడుకుంటారు. తెలుగు ఇంటి భాష, పెద్దల భాష. పెద్దలకు చెప్పలేని మాట పెద్దల భాషలో రావడము కష్టము. కనుక తెలుగు పిల్ల కదా, తెలుగు కౌన్సిలరు చాలునని తీర్మానము చేయకండి. పిల్లనే అడగనివ్వండి. తల్లిని పిలిచి మాట్లాడేటప్పుడు మాత్రము తెలుగు తప్పదు. ఆమె "మనస్సులో కుంగుబాటు" అనదు. "పిల్లకు తల బరువంటున్నది, కడుపులో తిప్పుతున్నదంటున్నది, అన్నము ముట్టడము లేదు, రాత్రి నిద్ర లేదు" అంటుంది. ఆ మాటలలోని దిగులును వినగలవారు సంస్థలో ఒకరైనా ఉన్నారా అన్నది ట్రస్టీలు చూడాలి. ప్రభుత్వము 10 అక్టోబరు 2022న ప్రారంభించిన టెలి మానస్ సేవ, 14416 నంబరు, పగలూ రాత్రీ ఉచితముగా తెలుగుతో సహా అనేక భాషలలో పలుకుతుంది. గోడ మీద ఆ నంబరు, పిల్లల సహాయానికి 1098, పెద్ద అక్షరాలతో వ్రాయించండి.

ఎక్కడికి పంపాలో ముందే తేల్చుకోవడమూ ట్రస్టీల పనియే. యానాము పుదుచ్చేరి ప్రభుత్వము కింద ఉన్నా, దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రి కాకినాడలో. కోలారు గనుల ప్రాంతము వారికి నిమ్‌హాన్స్, చెన్నై వారికి కీల్పాకములోని మానసిక ఆరోగ్య సంస్థ. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకొనేవారిని నియమించే ముందు భారత పునరావాస మండలిలో వారి నమోదు నంబరు చూడాలి. సిగ్గుపడి అడగని ట్రస్టీలు చాలామంది.

దయగలవారు త్వరగా చేసే ఒక ఆలోచన ఉన్నది, "నాలుగు మంచాలు వేసి ఇక్కడే ఉంచుకుందాము, ప్రార్థన చేద్దాము" అని. ఆగండి. తమిళనాడు రామనాథపురము జిల్లా ఏర్వాడిలో 6 ఆగస్టు 2001న దర్గా దగ్గర నడుస్తున్న ఒక ఆశ్రమములో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన రోగులు పారిపోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడ విడిచినవారు కుటుంబస్థులే, బాగుపడతారనే విశ్వాసముతోనే. 2017 చట్టము మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మానసిక రోగులను చేర్చుకొని ఉంచే ఏ చోటైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో నమోదు కావాలి, అది మతసంస్థ నడిపినా సరే. పగటిపూట వినే గది నడపడము వేరు, రాత్రి ఉంచుకోవడము వేరు.

డబ్బు విషయము క్లుప్తముగా. పౌలు యెరూషలేము కొరకు చందా పోగుచేసినప్పుడు తానొక్కడే మోసుకొని పోలేదు. ఎవరూ తప్పుపట్టకుండునట్లు సంఘములు ఏర్పరచినవారిని వెంటబెట్టుకొన్నట్లు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయములో చదువుతాము. చెక్కు మీద ఇద్దరి సంతకాలు, ప్రతి రూపాయికి రసీదు, ఏటేటా ఆడిటు. సంఘము ఖాతా వేరు, ఈ ట్రస్టు ఖాతా వేరు. ట్రస్టీ కోడలికి అందులో ఉద్యోగము వద్దు. మహారాష్ట్రలో ట్రస్టీలు మారితే 90 రోజులలోగా ఛారిటీ కమిషనరు కార్యాలయానికి తెలపాలి. అమెరికాలో ఉన్న మన బంధువులు ప్రేమతో పంపే డాలర్ల దగ్గర మరీ జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళము కాదు. ఆ దేశ పౌరసత్వము పుచ్చుకొన్నవారు పంపితే, అన్నగారి కుమారుడైనా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషను లేదా ముందస్తు అనుమతి లేకుండా పుచ్చుకోకూడదు. అవి ఉన్నా 2020 సవరణ ప్రకారము ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే జమ కావాలి.

ట్రస్టీలుగా ఎవరిని పెట్టాలి? అందరూ అరవై దాటిన మగవారైతే, అటువంటి బల్ల ఎదుట పిల్లల లోకము కనబడదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వారు ఒకరు, స్త్రీలు కనీసము ఇద్దరు, మన బంధుత్వాలకు బయటివారు ఒకరు ఉండాలని మా అభిప్రాయము. తానే ఒకనాడు ఈ జబ్బు పడి లేచినవారు దొరికితే మరీ మంచిది. పైగా ట్రస్టీలు ఒక్కొక్క పిల్లను దాటి కారణము వైపు చూడగలగాలి. తమిళనాడులో పరీక్ష తప్పినవారు ఏడాది ఆగకుండా వెంటనే మరల వ్రాసుకొనే అవకాశము రావడములో స్నేహా వారి కృషి ఉన్నది. గదిలో కూర్చుని వినడము ఎంత ముఖ్యమో, విన్నదానిలో నుండి పేర్లు తీసివేసి అధికారుల ముందు పెట్టడమూ అంత ముఖ్యము.

చర్చ కొరకు. స్త్రీల సమాజములోను, యౌవనస్థుల కూటములోను వేర్వేరుగా ఆలోచించండి. చందా ఎక్కువ ఇచ్చే ఒక తండ్రి, తన కుమారుడు మీ దగ్గరకు వస్తున్నాడేమో చెప్పమని ట్రస్టీని అడిగితే ఏమి జవాబు చెప్పాలి? కౌన్సిలరు సెలవులో ఉండగా పిల్లవాడు ఏడుస్తూ ట్రస్టీ ఇంటికే వస్తే, ఆ రాత్రి ఆయన ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు? మూడవది యౌవనస్థులకు మాత్రమే. మన ఊరిలో అటువంటి గది ఒకటి తెరిస్తే మీరు మెట్లు ఎక్కుతారా, ఎక్కకపోతే ట్రస్టీల పట్టికలో ఎవరి పేరు చూసి ఆగిపోతారు? ఈ జవాబును పేరు లేకుండా చీటీ మీద వ్రాసి పెట్టెలో వేయించండి.