మొండిబిడ్డ తల్లికి తోడు

పట్టిన పట్టు విడువని బిడ్డను గన్న తల్లిని లోకము నిందించును. ‘పెంపకము చాలదు’ అను మాట ఆమెను ఒంటరిని జేయును. 1956లో న్యూయార్కు నగరమున అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అను వైద్యదంపతులు శిశుస్వభావమును పరిశీలింప నారంభించిరి. స్వభావభేదములు శైశవముననే కానవచ్చుననియు, పెంపకము వానికి పొసగుటయే ముఖ్యమనియు వారు తెలిపిరి. కావున కొట్టుట వలదు. నియమములు కొన్నియే యుండవలెను. అవి దినమునకొక తీరుగా మాఱరాదు. ‘స్నానము ముందా, అన్నము ముందా?’ యని బిడ్డనే యడుగవలెను.

బాలబసవన్న ఉపనయనమును నిరాకరింపగా, అక్క నాగమ్మ అండగా నిలిచెనని సంప్రదాయము. అట్లే అత్తగారో, ఆడపడుచో గంటసేపు బిడ్డను చూచుకొన్నచో తల్లికి ఊపిరి తిరుగును. మనసు మఱీ క్రుంగినచో 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ ఉచితసేవకు, 14416 సంఖ్యకు, ఫోను చేయవచ్చును. సోదరులారా! ఆ తల్లికి హితబోధకు ముందు విశ్రాంతి నిండు.