సముద్రం అవతలి అనాథ – మన చేతిలోని అమానతు

దివ్య ఖుర్‌ఆన్‌లోని 'అల్ మాఊన్' సూరాను మనలో చాలామందికి చిన్నతనంలోనే కంఠస్థం చేయించారు. తీర్పు దినాన్ని ధిక్కరించేవాడెవడో చూశావా అన్న ప్రశ్నతో ఆ సూరా మొదలవుతుంది. జవాబుగా అల్లాహ్ మొట్టమొదట చూపించింది అనాథను కసిరి గెంటివేసేవాణ్ణి. నమాజులో ఏమరుపాటు గురించిన హెచ్చరిక ఆ తర్వాతే వస్తుంది. ఆ అనాథ ఏ ఊరివాడో, ఏ దేశంవాడో ఆ సూరాలో లేదు. కనుక భూకంపం వల్లనో, యుద్ధం వల్లనో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పరదేశపు బిడ్డ కూడా మన బాధ్యత పరిధిలోకి వస్తాడు.

అయితే సోదర సోదరీమణులారా! ఆ బిడ్డ పేరు చెప్పి నలుగురి దగ్గర సొమ్ము తీసుకున్న క్షణంలోనే మరో బాధ్యత మన మెడకు చుట్టుకుంటుంది. ఈ పాఠం దాని గురించే.

దైవప్రవక్త (స) ఆదర్శం

మన ప్రవక్త (స) స్వయంగా అనాథ. పుట్టకముందే తండ్రి పోయారు. ఆరేళ్ళ వయసులో తల్లి ఆమినా, ఎనిమిదేళ్ళ వయసులో తాత అబ్దుల్ ముత్తలిబ్ కన్నుమూశారు. అనాథ సంరక్షకుడు స్వర్గంలో తనకు రెండు వేళ్ళంత దగ్గరగా ఉంటాడని ఆయన (స) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది.

సముద్రం అవతల పుట్టిన అనాథలు కూడా ఆయన ఒడిలో పెరిగారు. మక్కాలో హింస భరించలేక హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి), ఆయన సతీమణి హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ఎర్రసముద్రం దాటి అబిసీనియాకు వలసపోయారు. వారి కుమారుడు అబ్దుల్లాహ్ అక్కడే పుట్టాడు. ఆ పరాయి గడ్డ మీద వారికి ఆశ్రయమిచ్చింది క్రైస్తవ రాజు నజాషీ. హిజ్రీ 8వ ఏట మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులయ్యారు. ప్రవక్త (స) ఆ ఇంటికి వెళ్ళి పిల్లల్ని దగ్గరకు తీసుకున్నారు, కంటతడి పెట్టారు. ఆ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు, వారికి భోజనం వండి పంపండని చెప్పారు. పిల్లల భవిష్యత్తు గురించి తల్లి దిగులుపడినప్పుడు, ఇహపరాల్లో వారి సంరక్షకుణ్ణి నేనుండగా పేదరికం భయం దేనికన్నట్లు ధైర్యం చెప్పారు.

విరాళాల సేకరణకు కూడా ఆయన (స) జీవితంలో చక్కని ఉదాహరణ ఉంది. ఒకనాడు ముజర్ తెగవారు చిరిగిన ఉన్ని బట్టలతో మదీనాకు వచ్చారు. వారి లేమి చూసి ప్రవక్త (స) ముఖం రంగు మారింది. హజ్రత్ బిలాల్ (రజి) చేత అజాన్ ఇప్పించి, నమాజు చేయించి, ప్రసంగించారు. మానవులందరినీ ఒకే ప్రాణం నుంచి పుట్టించాడని తెలిపే 'అన్నిసా' సూరా మొదటి ఆయతును వినిపించారు. సగం ఖర్జూరమైనా సరే ఇవ్వమన్నారు. ఒక అన్సారీ చేతికి మోయలేనంత బరువైన సంచి తెచ్చాడు. అతని వెనుక అందరూ కదిలారు. ధాన్యం, బట్టలు రెండు కుప్పలయ్యాయి. ముస్లిం గ్రంథంలోని ఈ హదీసులో గమనించవలసినది ఒకటుంది. ఆయన (స) ఆ పేదల్ని జనం ముందు నిలబెట్టి వారి చిరుగుల్ని వర్ణించినట్లు అందులో లేదు. విన్నవారి హృదయాల్లో దైవభీతిని తట్టి లేపారు. సేకరించింది అక్కడికక్కడే, అందరి కళ్ళెదుటే.

మా ఊళ్ళో జరిగిన పొరపాటు

2023 ఫిబ్రవరి 6న టర్కీ, సిరియాల్లో పెను భూకంపం వచ్చింది. యాభై వేలమందికి పైగా చనిపోయారు. శిథిలాల్లోంచి పసిబిడ్డల్ని బయటికి తీస్తున్న దృశ్యాలు చూసి మా సబ్బవరంలో మేము కొందరం చలించిపోయాం. రెండు జుమాల్లో రుమాలు పరిచాం, దుకాణాలకు డబ్బా తిప్పాం. ముప్పై ఎనిమిది వేల పైచిలుకు వచ్చింది. పోగుచేయడం సులభంగానే జరిగిపోయింది. ఎలా పంపాలో మాత్రం మాలో ఎవరికీ తెలియదు. ఎవరో హవాలా అన్నారు. ఇంకెవరో గల్ఫ్‌లో ఉన్న బావమరిది చూసుకుంటాడన్నారు. మాట తేలేలోగా రంజాన్ వచ్చింది, పండుగ వెళ్ళింది, ఎవరి పనుల్లో వారు పడ్డాం. సొమ్ము బీరువాలో ఉండిపోయింది.

మరుసటి రంజాన్‌కు కొద్ది రోజుల ముందు, బట్టలు కుట్టి బతికే ఒక పెద్దావిడ ఎదురుపడ్డారు. ఆమె అప్పట్లో మూడు వందలిచ్చారు.

"ఏం బేటా, ఆ పిల్లలకి మన పైసలు అందాయా?"

"ఇంకా లేదు ఖాలా."

ఆమె కాసేపు మౌనంగా ఉండి, "అయితే నేను ఇవ్వనట్టేనా?" అన్నారు.

ఒక్క పైసా ఎవరూ తినలేదు, నిజమే. అయినా ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఒక ఆలిం దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పాం. ఆయన కోప్పడలేదు గానీ, చెప్పిన మాటలు మాకు నిద్ర పట్టనివ్వలేదు.

సేకరించేవాడు యజమాని కాదు, వకీలు

విరాళం సేకరించేవాడు ఇచ్చినవారి తరఫున వకీలు మాత్రమే. వకీలుకు సొంత నిర్ణయం లేదు. సిరియా పిల్లల పేరు చెప్పి తీసుకున్నది వారి అనుమతి లేకుండా మస్జిద్ సున్నానికి గానీ, మరో మంచి పనికి గానీ వాడకూడదు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ము హక్కుదారుడైన పేదవాని చేతికి, అతని సొంతంగా, చేరితేనే జకాత్ చెల్లుతుంది. వకీలు బీరువాలో ఉన్నంతకాలం ఇచ్చినవాని బాధ్యత తీరదు. అంటే మా అలసత్వం వల్ల కొందరు వ్యాపారుల జకాత్ ఏడాదిపాటు చెల్లకుండా ఉండిపోయింది. జకాత్ చెల్లించేశామన్న ధీమాతో వారు ఉన్నారు!

పైగా మేము జకాత్‌ను, సద్ఖాను ఒకే డబ్బాలో కలిపేశాం. జకాత్ హక్కుదారులు ఎనిమిది రకాలవారని 'అత్తౌబా' సూరా 60వ ఆయతు నిర్ణయించింది. అనాథ అయినంత మాత్రాన ఎవరూ ఆ జాబితాలోకి రారు, పేదవాడై ఉండాలి. తండ్రి వదిలివెళ్ళిన ఆస్తి నిసాబ్‌కు మించి ఉన్న అనాథకు జకాత్ ఇవ్వరాదు. ఇంకా ఊహ తెలియని పసివాని తరఫున అతని సంరక్షకుడు స్వీకరించాలి. సద్ఖాకు ఈ కట్టుబాట్లు లేవు. ముస్లిమేతర బిడ్డకు కూడా అది సంతోషంగా ఇవ్వవచ్చు. అందుకే రెంటికీ వేర్వేరు సంచులు, వేర్వేరు రసీదు పుస్తకాలు ఉండాలి.

సేకరించేవారికి మరో హెచ్చరిక కూడా ఉంది. ఇబ్నుల్ లుత్బియా అనే వ్యక్తిని ప్రవక్త (స) జకాత్ వసూలుకు పంపారు. అతను తిరిగి వచ్చి ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చిందని విడదీశాడు. ప్రవక్త (స) మింబర్ ఎక్కి, అతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. బిర్యానీ ఖర్చులు, కార్ల పెట్రోలు, శాలువాలు, ఫ్లెక్సీలు అనాథ సొమ్ములోంచి తీసేవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో నింపుకునేది అగ్నినేనని 'అన్నిసా' సూరా 10వ ఆయతు హెచ్చరిస్తోంది. వారి సొమ్ము వారికి అప్పగించేటప్పుడు సాక్షుల్ని పెట్టుకోమని అదే సూరా 6వ ఆయతు ఆదేశిస్తోంది. రసీదు, లెక్క, ఇద్దరి సంతకాలు అనేవి అపనమ్మకానికి గుర్తులు కావు. అవి దైవాజ్ఞకు దగ్గరి ఆచరణలు.

సొమ్ము ఏ దారిన దాటాలి?

పుణ్యకార్యానికి దొంగదారి తగదు. హవాలా మన దేశంలో 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టానికి విరుద్ధం. పైగా దానికి రసీదు ఉండదు, ఎవరి చేతికి చేరిందో తెలియదు. అనాథ పేరుతో వెళ్ళిన సొమ్ము ఆయుధానికి చేరినా మనకు తెలిసే వీలు లేదు.

వ్యక్తి తన సొంత సొమ్మును విదేశానికి విరాళంగా పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2004లో ఒక సరళీకృత పథకం పెట్టింది. దాని పరిమితి ఒక ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికా డాలర్లు. పాన్ కార్డు తప్పనిసరి, బ్యాంకు ద్వారానే పంపాలి. అయితే ఈ సౌకర్యం వ్యక్తులకే. ట్రస్టులకు, సంస్థలకు లేదు. ఊరంతా తిరిగి పోగుచేసినదాన్ని ఒకరి సొంత సొమ్ముగా చూపి పంపడం అసత్యం అవుతుంది. ఇక్కడి ధార్మిక ట్రస్టు దేశం వెలుపల ఖర్చు చేయాలంటే ఆదాయపు పన్ను శాఖ ప్రత్యేక ఆమోదం లేనిదే ఆ మొత్తానికి పన్ను మినహాయింపు వర్తించదు. అదేవిధంగా విదేశీయుల నుంచి, విదేశీ సంస్థల నుంచి మన కమిటీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి.

గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డలకు సులభమైన దారి ఉంది. సౌదీలో 2015లో ఏర్పడిన కింగ్ సల్మాన్ సహాయ కేంద్రం 'సాహెమ్' అనే వేదిక ద్వారా 2023లో ఈ భూకంప బాధితులకు విరాళాలు సేకరించింది. అటువంటి అధికారిక మార్గంలో వారు తమ జీతంలోంచి నేరుగా ఇవ్వవచ్చు. సౌదీలో, ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా వసూలు చేయడం మాత్రం నేరం. మిత్రుల గదుల్లో డబ్బా తిప్పి చిక్కుల్లో పడవద్దని ఇంటినుంచి ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

సందేహం ఉంటే సేకరించకముందే అడగాలి. మన సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. చట్టం తెలిసినవారు ఇంత దగ్గరలో ఉండగా తెలియదనడం మాకు సాకు కాలేకపోయింది.

ఆ బిడ్డ గౌరవం

2004 డిసెంబరు 26 నాటి సునామీ మన విశాఖ తీరాన్నీ తాకింది. అదే అల ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో లక్షన్నరకు పైగా ప్రాణాలు తీసింది. మన నౌకాదళం 'ఆపరేషన్ గంభీర్' పేరుతో నిరూపక్, ఖుక్రీ ఓడల్ని సహాయంతో అక్కడికి పంపింది. ఆ రోజుల్లో అనాథ పిల్లల్ని తీసుకుపోయి పెంచుకుంటామని ఎన్నో దేశాలవారు ముందుకొచ్చారు. ఇండోనేషియా ప్రభుత్వం మాత్రం పదహారేళ్ళలోపు పిల్లల్ని తల్లిదండ్రులు తోడు లేకుండా ఆచే దాటనివ్వలేదు. పిల్లల అక్రమ రవాణా భయం ఒక కారణం. ఎక్కడో ఒక పిన్నో, మేనమామో బతికి ఉండవచ్చన్న ఆశ మరొకటి. సేవాసంస్థలు బంధువుల్ని వెతికి పట్టుకునే పనికి పూనుకున్నాయి.

ఇస్లాం చెప్పేదీ ఇదే. పెంచుకునే బిడ్డకు అతని కన్నతండ్రి పేరే ఉండాలని 'అల్ అహ్‌జాబ్' సూరా 5వ ఆయతు ఆదేశిస్తోంది. బిడ్డ వంశాన్ని చెరిపేయకుండా, అతని నేలలో, అతని వారి మధ్య పోషించడమే సంరక్షణ. ఏడుస్తున్న పసివాని ముఖాన్ని, గాయాల్ని పోస్టరు మీద వేసి డబ్బడగడం మనకు తగదు. ఆ ఫోటో మన ఇంటి బిడ్డదైతే వేయనిస్తామా? ఇచ్చినదాన్ని ఎత్తిపొడుపులతో, మనసు నొప్పించడంతో వ్యర్థం చేసుకోవద్దని 'అల్ బఖరా' సూరా 264వ ఆయతు మనల్ని హెచ్చరిస్తోంది.

దగ్గరివాడు, దూరంవాడు

హజ్రత్ ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపినప్పుడు అక్కడి ధనికుల నుంచి జకాత్ తీసుకుని అక్కడి పేదలకే ఇవ్వమన్నారు ప్రవక్త (స). అందుకే ఒక ఊరి జకాత్‌ను మరో ఊరికి తరలించడం హనఫీ పండితుల దృష్టిలో మక్రూహ్. దూరాన పేద బంధువులున్నా, అవసరం ఎక్కువగా ఉన్నవారున్నా పంపవచ్చు. కాబట్టి పరదేశపు బిడ్డకు ఇవ్వడం తప్పు కాదు, ఇంటిపక్క బిడ్డను మరచి ఇవ్వడం తప్పు. తల్లిదండ్రుల్ని కోల్పోయిన అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయలిచ్చే 'మిషన్ వాత్సల్య' పథకం ఉంది. దరఖాస్తు నింపడం రాక ఎందరో మేనత్తలు, అమ్మమ్మలు దాన్ని అందుకోలేకపోతున్నారు. జిల్లా బాలల పరిరక్షణ కార్యాలయానికి వారిని వెంటబెట్టుకుని వెళ్ళడం కూడా సేవే. దానికి డబ్బా తిప్పనక్కర లేదు, ఒక పూట సమయమిస్తే చాలు.

మేము చేసింది, మీరు చేయగలిగింది

ఆలిం చెప్పినట్లు మేము ఇంటింటికీ వెళ్ళాం. జకాత్ ఇచ్చినవారికి వారి సొమ్ము తిరిగి ఇచ్చి, ఆలస్యానికి క్షమాపణ అడిగాం. సద్ఖా ఇచ్చినవారిలో కొందరు తీసుకున్నారు. ఎక్కువమంది దగ్గరి అనాథలకు ఖర్చు చేయమని అనుమతించారు. పేరు తెలియని చిల్లర గురించి మూడు జుమాల్లో ప్రకటించి, ఎవరూ రాకపోతే ఆలిం సలహాతో అనాథ పిల్లలకే ఇచ్చాం. ఖాలా తన మూడు వందలూ వెనక్కి తీసుకోలేదు. "పిల్లలకే చేర్చు బేటా, ఈసారి రసీదు మాత్రం ఇవ్వు" అన్నారు.

ఇకపై సేకరణకు ముందు ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాసుకోండి:

1. ఈ సొమ్ము ఎవరికి, ఏ చట్టబద్ధమైన సంస్థ ద్వారా చేరుతుంది? ఆ సంస్థ పత్రాలు చూశామా?
2. జకాత్, సద్ఖా వేర్వేరుగా తీసుకుంటున్నామా?
3. ప్రయాణం, ముద్రణ ఖర్చులు సేవకులు సొంతంగా భరిస్తున్నారా?
4. ఏ తేదీలోగా చేరుస్తాం? చేరకపోతే ఏం చేస్తామో ముందే చెప్పామా?
5. చేరాక లెక్కను జుమాలో చదివి వినిపిస్తామా?

జవాబులు లేకపోతే రుమాలు పరచకండి. ఆ రోజుకు దుఆ చేయండి, దారి తెలుసుకోండి, తర్వాత అడగండి.

ఖియామత్ రోజున ఆ పరదేశపు బిడ్డ ఒకవైపు, మూడు వందలిచ్చిన ఖాలా మరొకవైపు నిలబడి మనల్ని ప్రశ్నిస్తారు. ఇద్దరికీ జవాబు చెప్పగలిగే స్థితిలో అల్లాహ్ మనల్ని ఉంచుగాక! మన చేతుల్లోని అమానతును హక్కుదారులకు చేర్చే సద్బుద్ధిని, శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.