ఊరి పేరు మీద నడిచే వ్యాపారం



ఈ నెల విలువల పాఠం: వ్యాపారంలో నిజాయితీ. ఈ పాఠం దగ్గర పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "నిజం చెప్తే లాభం వస్తదా?" వెంటనే అవునని చెప్పేకన్నా, మన గద్వాల చీరను చూపించి మాట్లాడటం మేలు.

గద్వాల చీరకు ఒళ్లు నూలు. అంచు, కొంగు పట్టు. నూలూ పట్టూ కలిసేచోట పోగును పోగుతో పెనవేసి నేయాలి. దీన్నే కుట్టు అంటారు. తొందరపడితే అయ్యే పని కాదు కాబట్టి చీరకు రోజులు పడతాయి, ధర కూడా ఎక్కువే. అదే డిజైన్ పవర్‌లూమ్ మీద తక్కువ ఖర్చుతో వస్తుంది. దాన్ని చేతిమగ్గం చీర అని చెప్పి అమ్మినప్పుడు ఆ రోజుకు లాభమే. కానీ మోసపోయిన గిరాకీ మళ్లీసారి అసలు చీరను కూడా అనుమానంగా చూస్తుంది. ఆ నష్టం మగ్గం మీద కూర్చున్న నేతన్నది.

గద్వాల చీరకు జీఐ గుర్తింపు ఉంది. 1999 నాటి జీఐ చట్టం ప్రకారం అలాంటి పేరు ఏ ఒక్క షాపు సొంతమూ కాదు. ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో తయారుచేసే వాళ్లందరిదీ. అంటే ఒక్కరు చేసిన మోసం ఊరందరి పేరులోంచి ఖర్చవుతుంది.

ఈ గద్వాల నేతన్నలే ఏటా తిరుమల బ్రహ్మోత్సవాల కోసం ఏరువాడ జోడు పంచెలు నేస్తారు. గద్వాల సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆచారం ఇది. 41 రోజులు నియమంగా ఉండి నేస్తారు. దేవుడికి నేసే బట్ట మీద ఉన్న శ్రద్ధ, ముక్కూ మొహం తెలియని గిరాకీకి ఇచ్చే బట్ట మీద కూడా ఉంటే అదే విలువ.

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మామిడికీ ఇదే లెక్క. కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం. ఒక్క వ్యాపారి ఆ పని చేసినా చెడేది కొల్లాపూర్ పేరే. వనపర్తి యార్డుకు వేరుశనగ తెచ్చే రైతుకూ, తూకం వేసే వ్యాపారికీ మధ్య నడిచేది కూడా నమ్మకమే.

కొనేవాళ్లుగా మన వంతు కూడా ఉంది. బేరం ఆడటం తప్పు కాదు. కానీ అసలు చీరను నకిలీ ధరకే ఇమ్మని పట్టుబడితే, నిజం చెప్పే షాపును మనమే ఓడిస్తున్నాం. పిల్లలు మన నీతి మాటలకన్నా మన బేరాన్నే ఎక్కువ గమనిస్తారు.

ఇంట్లో పిల్లలతో ఈ మూడు పనులు చేయించండి:

1. చేనేత బట్టలకు 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది. బీరువాలోని చీరల మీద ఆ గుర్తు వెతకమనండి. గుర్తు లేనంత మాత్రాన నకిలీ అనుకోవద్దని కూడా చెప్పండి.

2. "మా పనిలో ఎదుటివాళ్లకు తెలియకుండా దాచగలిగేది ఇది, అయినా దాచం" అని మీ పని గురించి ఒక్క ఉదాహరణ చెప్పండి. పొలమైనా, షాపైనా, ఆఫీసైనా సరే.

3. కొంగులో చిన్న లోపం ఉన్న చీరను ఎలా అమ్మాలి? ఇంట్లో చర్చించాక ఇంగ్లిష్ నోట్‌బుక్‌లో ఐదు వాక్యాలు రాయమనండి.

పిల్లల జవాబులు మీకు నచ్చకపోయినా దిద్దకుండా పంపండి. లాభానికీ నిజాయితీకీ మధ్య వాళ్లు ఎక్కడ నిలబడ్డారో చూసి, అక్కడి నుంచే క్లాసులో పాఠం మొదలుపెడతాం.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్