సంతకానికి ముందు

సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా మొవ్వ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చాయి. మిగతావి దివిసీమ, గుడివాడ వైపువి. అడిగింది ఇంటి గురించయినా, అప్పు గురించయినా, కౌలు గురించయినా లోపల ఎక్కడో ఒక సంతకమో వేలిముద్రో ఉంది. పెట్టేశాక రాసినవాళ్లే ఎక్కువ. ఒకరిద్దరు మాత్రం పెట్టకముందు రాశారు.

అయ్యంకి నుంచి ఒక సోదరి: లేఅవుట్లో సెంటున్నర స్థలం నా పేర పట్టా ఇచ్చారండీ. పల్లపు పొలం. మెరకకే బోలెడు పోయింది. గోడలు లేచాయి, శ్లాబు పడలేదు. పావలా వడ్డీ అప్పు 35 వేలు, రెండు మైక్రోఫైనాన్సు గ్రూపుల్లో తెచ్చిన 90 వేలు అందులోనే పెట్టేశాం. ఇప్పుడు ఒకాయన రోజువారీ కట్టు మీద 50 వేలు ఇస్తానంటున్నాడు. శ్లాబు వేస్తే బిల్లు పడుతుంది, దాంతో తీర్చేయొచ్చు అంటాడు మేస్త్రి. తీసుకోమంటారా?

వద్దమ్మా. ఎందుకు వద్దో లెక్క చూడండి.

రోజువారీ కట్టు మన వైపు మామూలుగా ఎలా నడుస్తుందో మీకూ తెలుసు. పదివేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకి వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుతూ వస్తుంది కాబట్టి, నూరు రోజుల్లో సగటున మీ చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద మూడు నెలల పది రోజులకి వెయ్యి రూపాయలంటే నెలకి నూటికి ఆరున్నర రూపాయల వడ్డీ. డ్వాక్రా అప్పు రూపాయి అటూ ఇటూ. మైక్రోఫైనాన్సు వాళ్లది రెండు రూపాయల చుట్టూ ఉంటుంది. 50 వేలకి మీ చేతికొచ్చేది 45 వేలు, కట్టాల్సింది రోజుకి అయిదు వందలు. ముసురు పట్టి నాట్లు ఆగినా ఆ అయిదు వందలు ఆగవు.

బిల్లు సంగతి. యూనిట్ ధర 1 లక్షా 80 వేలు, అందులో 30 వేలు ఉపాధి హామీ కూలి కింద వచ్చేది. ఇల్లు ఎంత వరకు లేచిందో ఇంజినీరింగ్ అసిస్టెంటు ఫొటో తీసి ఎక్కిస్తేనే ఆ దశ డబ్బు మీ ఖాతాలో పడుతుంది. మేస్త్రి మాట మీద కాకుండా, మండల హౌసింగ్ ఏఈ దగ్గరికి పట్టా, ఆధార్, పాసు పుస్తకం పట్టుకెళ్లి రెండు సంగతులు అడగండి. మీ ఇల్లు ఏ దశలో నమోదై ఉంది? 2025 మార్చిలో ప్రభుత్వం మధ్యలో ఆగిన ఇళ్లకు ప్రకటించిన అదనపు సాయం జాబితాలో మీ పేరుందా? ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ తెగల వారికి లక్ష అన్నారు. మీరు అప్పు తెద్దామనుకున్న మొత్తం కూడా 50 వేలే, చూడండి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అదే ముఖ్యం. పునాది ఏ రకం వేశారు? మన నేల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, వేసవికి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద పైపైన వేసిన పునాది ఏటా రెండుసార్లు కదులుతుంది. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు ఒక పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. బోరు వేసినట్టు మూడున్నర మీటర్ల దాకా దింపి, అడుగున గుబ్బలా వెడల్పు చేసి, ఇనుము పెట్టి కాంక్రీటు పోస్తారు. పైన బీము కట్టి గోడ లేపుతారు. నెర్రెలు అంత లోతుకి పోవు కాబట్టి ఇల్లు నిలబడుతుంది. మీది అలాంటిది కాకపోతే, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు వచ్చాయేమో శ్లాబు బరువు పెట్టకముందే ఏఈకి చూపించండి. ఆగిన ఇల్లు కొన్నాళ్లు ఆగగలదు. గోడల పైన నీళ్లు నిలవకుండా చూసుకుని, పైకి వదిలిన చువ్వలకి సిమెంటు పాలు పూయించండి. మనకి సముద్రం దగ్గర, తుప్పు తొందరగా పడుతుంది.

డబ్బు కావాల్సినప్పుడు ముందు మీ డ్వాక్రా సంఘం, స్త్రీనిధి తలుపు తట్టండి. అప్పు చేసి అప్పు తీర్చకూడదంటారు పెద్దలు. రెండు రూపాయల వడ్డీ అప్పుని రూపాయి వడ్డీ అప్పుతో తీరిస్తే మాత్రం తప్పులేదు. మైక్రోఫైనాన్సు అప్పు ముందుగా కట్టేస్తే జరిమానా వేయడానికి వీల్లేదని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది.

పెదపూడి నుంచి మరో సోదరి: రెండు కిస్తీలు తప్పాయి. రాత్రి ఎనిమిదింటికి వచ్చి వరండాలో కూర్చుంటున్నారు. మా గ్రూపు ఆడవాళ్లనే నా మీదికి పంపుతున్నారు. చచ్చిపోవాలనిపిస్తోంది.

ముందు ఒక మాట. కిస్తీ తప్పడం నేరం కాదమ్మా, బాకీ మాత్రమే. చావాలనే ఆలోచన మళ్లీ వస్తే ఇంట్లో ఎవరికైనా వెంటనే చెప్పండి. టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు.

ఇక వసూలు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తరవాత వసూలుకి రాకూడదు. ఇద్దరూ అనుకున్న చోటే వసూలు చేసుకోవాలి. అక్కడికి మీరు వరసగా రెండుసార్లు రాకపోతేనే ఇంటికి రావచ్చు, అదీ ఆ వేళల్లోనే. తిట్టడం, బెదిరించడం, చుట్టాల్ని వేధించడం కూడదు. ఇంటిల్లిపాది అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటేలా అప్పు ఇవ్వడం కూడా తప్పే. మీకు అప్పిచ్చినప్పుడు ఆదాయం ఎంత అని రాసుకున్నారో కాగితం చూపించమనండి. చాలా ఇళ్లలో అసలు పేచీ అక్కడే బయటపడుతుంది. వచ్చిన తేదీ, గంట, అన్న మాటలు నోటుపుస్తకంలో రాసి, సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చింది నచ్చకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. 14448కి చేస్తే దారి చెప్తారు. బెదిరింపులకి మాత్రం ముప్పై రోజులు ఆగక్కర్లేదు, పోలీసు స్టేషనుకి వెళ్లండి.

ఈ గొడవ మన జిల్లాకి కొత్త కాదు. 2006 మార్చిలో, వసూళ్ల తీరు మీద ఫిర్యాదులు ముదిరితే, కృష్ణా జిల్లా అధికారులు రెండు పెద్ద మైక్రోఫైనాన్సు సంస్థల శాఖలు దాదాపు యాభై మూయించారు. దేశమంతా అప్పుడే మన వైపు చూసింది. 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు, తరవాత చట్టం వచ్చాయి. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకి ఆ చట్టం వర్తించదంది. అందుకే పాత చట్టం పేరు చెప్పి వాదించకండి, రిజర్వు బ్యాంకు ఆదేశాలే పట్టుకోండి. మీ గ్రూపు ఆడవాళ్ల మీద కోపం పెట్టుకోకండి, వాళ్లనీ అదే కర్రతో తోలుతున్నారు.

నిడుమోలు నుంచి ఒక కౌలు రైతు: మూడెకరాలు, ఎకరానికి ఇరవై బస్తాల కౌలు. కార్డు కోసం ఆసామి సంతకం పెట్టడం లేదు. ఎరువుల కొట్లో అప్పు, ధాన్యం వాళ్లకే వేయాలి. బ్యాంకు అప్పు వచ్చే మార్గం ఉందా?

2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు పదకొండు నెలలే చెల్లుతుంది, భూమి మీద మీకే హక్కూ రాదు. అయినా ఆసాములకి 1956 కౌలు చట్టం నాటి భయం పోలేదు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను వేరేవాళ్లకి ఇచ్చేస్తారని మీ భయం. ఇద్దరి భయం మధ్యా లాభపడేది ఎరువుల కొట్టు. ఊళ్లో నలుగురైదుగురు ఆసాముల్ని ఒకచోట కూర్చోబెట్టి, రెవెన్యూ వాళ్లతోనో వ్యవసాయ అధికారితోనో చట్టం చదివించండి. ఒక్కరే పెట్టడానికి జంకే సంతకం, నలుగురితో కలిసి పెట్టినవాళ్లని నేను చూశాను.

అదీ కుదరకపోతే, నలుగురి నుంచి పదిమంది దాకా కౌలుదార్లు కలిసి జేఎల్‌జీగా (ఉమ్మడి పూచీ బృందంగా) ఏర్పడి బ్యాంకు అప్పు అడగొచ్చు. ఒకరికొకరు పూచీ, భూమి కాగితం అక్కర్లేదు. పూచీ అంటే నిజంగానే పూచీ, చేరేముందు పక్కవాడి అలవాట్లు చూసుకోండి. అప్పు వచ్చినా రాకపోయినా ఈ-క్రాప్‌లో సాగుదారుగా మీ పేరు పడేలా చూడండి. ప్రభుత్వానికి ధాన్యం అమ్మినా, పంట నష్టం రాసినా డబ్బు ఏ ఖాతాకి పోవాలో అక్కడే తేలుతుంది. ఎన్నోసార్లు తిప్పారని ఒకాయన రాశారు నాకు, అయినా పేరు పడిందట. వరి తరవాత వేసే మినుముకి మళ్లీ నమోదు చేయించాలి, చాలామంది అది మర్చిపోతున్నారు.

నాగాయలంక మండలం నుంచి ఒక తమ్ముడు (ఇంటర్ చదివాడట, తన వాళ్ల తరఫున రాశాడు): మేం యానాదులం. కాలువ గట్టు మీద పదకొండు గుడిసెలు. పట్టా ఇవ్వరంటున్నారు. సగం మందికి ఆధార్ లేదు. మా చిన్నాన్న రొయ్యల చెరువు కాపలాకి కుదిరి 20 వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. రెండేళ్లయినా తీరలేదంటున్నారు, ఊరు కదలనివ్వడం లేదు.

చిన్నాన్న సంగతి ముందు. అడ్వాన్సు తీరేదాకా కదలకూడదనడం వెట్టిచాకిరీ. 1976 చట్టం దాన్ని రద్దు చేసింది, ఆ బాకీని కూడా. అంటే ఆ 20 వేలు చట్టం దృష్టిలో లేవు, వసూలు చేయడమే నేరం. కలెక్టరుకో ఆర్డీవోకో మనిషి పేరు, చోటు, ఎప్పటి నుంచి, కూలి ఎంత ఇస్తున్నారు అన్నవి రాసి అర్జీ ఇవ్వండి. విచారించి విడుదల పత్రం ఇవ్వాలి. పునరావాస సాయం రావాలంటే ఆ పత్రమే ఆధారం, దాన్ని లామినేషన్ చేయించి దాచుకోండి. నువ్వొక్కడివే పోవద్దు తమ్ముడూ, ఇద్దరు పెద్దమనుషుల్ని వెంట పెట్టుకో.

గట్టు మీద పట్టా రాదు. అది కాలువ పోరంబోకు. చెరువుల్లాంటి ఊరుమ్మడి భూముల ఆక్రమణల్ని, కొన్ని మినహాయింపులు తప్ప, క్రమబద్ధం చేయకూడదని 2011లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. పట్టా లేదు కదా అని రాత్రికి రాత్రి పీకేయడానికి మాత్రం వీల్లేదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టంలోనే ముందు నోటీసు ఇవ్వాలని ఉంది. మీరు అడగాల్సింది గట్టు కాదు, గట్టుకి బదులు ఊళ్లో మెరక స్థలం. ఇప్పటి విధానంలో పల్లెల్లో ఇళ్లు లేనివాళ్లకి మూడు సెంట్లు, అంటే 145 గజాలు. పదకొండు కుటుంబాలూ ఒకే అర్జీ కాకుండా పదకొండు అర్జీలు ఇచ్చి, పదకొండు రసీదులు తీసుకోండి. ఆధార్‌కి పుట్టిన కాగితం లేనివాళ్లు గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో పోవచ్చు. ఇంట్లో ఒక్కరికి వస్తే కుటుంబ పెద్దగా మిగతావాళ్లకి ఆయనే ఆధారం.

1977 నవంబరు 19 ఉప్పెనలో పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాక, దివిసీమలో పక్కా ఇళ్ల కాలనీలు లేచాయి. దాదాపు యాభై ఏళ్లవుతోంది. అప్పుడు ఏ జాబితాలోనూ ఎక్కని వాళ్ల మనవలే చాలాచోట్ల ఇవాళ గట్ల మీద ఉన్నారని నాకు అనిపిస్తుంది. ఈసారి జాబితా రాసేటప్పుడు నువ్వు అక్కడే ఉండు.

గుడివాడ నుంచి ఒక పాఠకుడు: మల్లాయపాలెం టిడ్కో ఇళ్లలో నాది 430 అడుగుల ఫ్లాటు. బ్యాంకు కిస్తీ, పనికి పోను ఆటో ఖర్చు రెండూ మోయలేకపోతున్నా. అద్దెకిచ్చి ఊళ్లోకి వచ్చేయనా?

అక్కడ ఒక్కచోటే 8,912 ఇళ్లు కట్టారు, పని మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. మీ కష్టం అర్థమైంది. 300 అడుగుల ఇళ్లవాళ్లకి లేని కిస్తీ మీకుంది. కానీ కేటాయింపు పత్రంలో షరతులు చదవకుండా అద్దెకివ్వకండి, అమ్మకం కాగితం అసలే రాయకండి. బ్యాంకుకి వెళ్లి గడువు పెంచి కిస్తీ తగ్గించమని అర్జీ పెట్టండి. మూడు కిస్తీలు వరసగా తప్పకముందే వెళ్లాలి. తొంభై రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అయిపోతుంది, ఆ తరవాత మేనేజరు మంచివాడైనా చేసేది తక్కువ.

ఘంటసాల మండలం నుంచి ఒక సోదరి: మా ఆయన పోయిన నెల చేలో పాము కరిచి పోయారు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు, పోస్టుమార్టం చేయించలేదు. బ్యాంకు పుస్తకంలో ఏటా 20, 436 అని కోత పడేది. అదేమిటి? ఆయన ప్రోనోటు రాసిచ్చిన లక్ష కోసం అప్పులాయన వస్తున్నాడు. నా పేర తిరగరాసి ఇమ్మంటున్నాడు.

దివిసీమలో పాముకాటు ఎంత మామూలంటే, 2018లో మోపిదేవి గుళ్లో సర్పశాంతి యాగమే చేశారు. ఆ ఏడాది బ్యాంకుల్లో ఈ కోత వెనకున్న బీమా గురించి కూడా అంత గట్టిగా చాటించి ఉంటే బాగుండేది.

436 రూపాయలది జీవన్ జ్యోతి. చావు ఏ కారణం వల్లయినా 2 లక్షలు. 20 రూపాయలది సురక్షా బీమా. ప్రమాదంలో పోతే మరో 2 లక్షలు. పాముకాటు ప్రమాదం కిందికే వస్తుంది. పోస్టుమార్టం లేకపోయినా, కరిచిన వెంటనే చేర్చినప్పటి ఆసుపత్రి రికార్డులో కారణం రాసి ఉంటే పనికొస్తుంది. కేసుషీటు నకలు అడిగి తెచ్చుకోండి. మరణ ధ్రువపత్రం, మీ ఆధార్, నామినీ వివరాలతో బ్యాంకులో రెండు ఫారాలు విడివిడిగా ఇవ్వండి. సురక్షా బీమాకి చావు జరిగిన ముప్పై రోజుల్లో తెలియజేయాలంటారు కాబట్టి ఈ ఉత్తరం చదివిన రోజే వెళ్లండి. ఆలస్యమైందని కౌంటర్లో తిప్పి పంపితే, తీసుకోం అని రాసిమ్మనండి. సాధారణంగా అంతటితో తీసుకుంటారు. రెండు బ్యాంకుల్లో 436 కోత పడి ఉన్నా వచ్చేది మాత్రం ఒకసారే.

ప్రోనోటు సంగతి. మీ ఆయన బాకీకి ఆయన వదిలిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. మీ కూలి డబ్బుకీ, మీ పుట్టింటి బంగారానికీ దాంతో సంబంధం లేదు. పాత నోటు రాసిన తేదీ నుంచి, చివరిగా ఏదైనా చెల్లు వేసి ఉంటే ఆ తేదీ నుంచి, మూడేళ్లలో దావా వేయాలి. అందుకే అప్పులాయన కొత్త కాగితం కోసం తిరుగుతున్నాడు. మీ పేర రాసిస్తే ఆయన బాకీ మీ బాకీ అయిపోతుంది. పాత నోటు తెచ్చి చూపించమనండి. తేదీ, అసలు, వెనక రాసిన చెల్లులు మీ అబ్బాయి చేత ఫొటో తీయించుకోండి. అప్పులాయన పెన్ను చేతికిచ్చినా తీసుకోవద్దు.