నూటికి ఎంత? ముందు, ఏ నూటికి?

ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో పెట్టిన మొదటి ఆప్టిట్యూడ్ టెస్టులో శాతాలు, లాభనష్టాల లెక్కల్లో నాకు పదికి మూడు మార్కులు వచ్చాయి. ఫార్ములాలు రాక కాదు, అన్నీ బట్టీ పట్టాను. ప్రశ్న చదివాక ఏ ఫార్ములా ఎక్కడ వాడాలో తెలియలేదు, అంతే. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి "పర్సెంటేజ్" అనే మాట వందలసార్లు రాశాను గానీ, దానికి తెలుగులో అర్థం "నూటికి" అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మా ఊరు భద్రాచలం దాటి చర్ల వైపు. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి, మధ్యలో మిరప చేలు. మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు. కానీ "నూటికి రెండు లెక్కన లక్షా అరవై వేలకి ఐదు నెలల వడ్డీ ఎంత అమ్మమ్మా?" అంటే కాగితం లేకుండా చెప్తుంది. "నెలకి నూటికి రెండు, ఐదు నెలలకి నూటికి పది. లక్షకి పది వేలు, అరవై వేలకి ఆరు వేలు. పదహారు వేలు గదా బిడ్డా!" నేను మాత్రం ఫోన్‌లో కాలిక్యులేటర్ వెతుక్కుంటున్నాను.

ఈ పాఠం జూనియర్స్ కోసం రాస్తున్నాను. మొత్తం పాఠంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. శాతం కనిపించగానే "ఎంత?" అని కాదు, "దేని మీద?" అని అడగండి.

మొదటి మెట్టు: నూటికి, ఎన్నాళ్ళకి?

మన ఊళ్ళలో "నూటికి రెండు" అంటే నెలకి. బ్యాంకులో శాతం అంటే ఏడాదికి. మూడు లక్షల లోపు పంట రుణానికి బ్యాంకు వడ్డీ ఏడాదికి 7 శాతం. ఏడు కన్నా రెండు చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం, మూడు రెట్లకు పైనే. పరీక్షలో కూడా ఇదే మెలిక పెడతారు. రేటు నెలకి ఇచ్చి కాలం ఏళ్ళలో ఇస్తారు. లెక్క మొదలుపెట్టే ముందు రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చుకోండి. మిగతాది మన పెద్దలు త్రైరాశికం అన్నదే: నూటికి ఇంతైతే, ఇన్నింటికి ఎంత?

రెండో మెట్టు: పడినంత ఎక్కితే సరిపోదు

ఇది నా సొంత తప్పు. లెక్క సులువుగా ఉండాలని అంకెల్ని కొంచెం గుండ్రం చేశాను.

మాది కౌలు పొలం. బ్యాంకు లోను రాలేదు కాబట్టి నాన్న బయట నూటికి రెండుకి అప్పు తెచ్చి మిరప వేశాడు. కోతలకి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వచ్చారు, కాయ కల్లంలో ఎండింది, పది క్వింటాళ్ళు అయింది. అప్పటిదాకా క్వింటా 20,000 ఉన్న ధర, మేం ఖమ్మం మార్కెట్‌కి బయల్దేరే వేళకి 16,000కి పడింది. అంటే 20 శాతం తగ్గింది.

నాన్న ఫోన్ చేసి అడిగాడు. "ఏరా, ఇరవై పర్సెంటు పడింది. కోల్డ్ స్టోరేజీలో పెడదామనుకుంటున్నా. మళ్ళీ ఇరవై ఎక్కితే పాత రేటు వచ్చినట్టే గదా?" నేను ల్యాబ్‌లో ఉన్నాను. "అవును నాన్నా" అనేశాను.

తప్పు చెప్పాను. 20,000 మీద 20 శాతం అంటే 4,000. కానీ 16,000 మీద 20 శాతం 3,200 మాత్రమే. 16,000 నుంచి 20 శాతం ఎక్కితే 19,200 అవుతుంది, 20,000 కాదు. పోయిన 4,000 తిరిగి రావాలంటే 16,000 మీద 4,000 రావాలి. అంటే నూటికి 25. దిగేటప్పుడు నూరు పెద్దది, ఎక్కేటప్పుడు నూరు చిన్నది. రెండు శాతాలూ చూడటానికి ఒకటే, నిలబడిన నేల వేరు.

దీనికి తిరగేసిన రూపం షాపుల డిస్కౌంట్. 100 రూపాయల చొక్కాకి 40 శాతం పెంచి 140 అని చీటీ అంటించారు, తర్వాత 30 శాతం తగ్గింపు ఇచ్చారు. నలభైలోంచి ముప్ఫై తీసేసి 10 శాతం లాభం అనుకుంటే అయిపోయారు. 30 శాతం తగ్గేది 140 మీద, అంటే 42 రూపాయలు. అమ్మకం 98. షాపువాడికి 2 శాతం నష్టం.

మూడో మెట్టు: కొన్నవెల అంటే కొన్న వెల ఒక్కటే కాదు

ఐదు నెలల తర్వాత ధర 17,600 అయింది. అంటే 16,000 మీద 10 శాతం పెరిగింది. మొత్తం 1,76,000 వచ్చింది. ఆ రోజే అమ్మి ఉంటే 1,60,000 వచ్చేది, అది అప్పుకి కట్టేసేవాళ్ళం. కట్టలేదు కాబట్టి ఆ 1,60,000 మీద ఐదు నెలల వడ్డీ, అమ్మమ్మ చెప్పిన పదహారు వేలు, పడింది. కోల్డ్ స్టోరేజీ అద్దె, బండి కిరాయి కలిపి ఇంకో 6,000.

ఇప్పుడు అసలు ఖరీదు: 1,60,000 + 16,000 + 6,000 = 1,82,000. అమ్మినది 1,76,000. నష్టం 6,000. నష్టశాతం ఎప్పుడూ ఖరీదు మీదే లెక్కించాలి: 6,000ని 1,82,000తో భాగించి వందతో గుణిస్తే సుమారు 3.3. ధర పది శాతం పెరిగినా మాకు మూడు శాతం పైన నష్టం!

పరీక్షలో "రిపేరుకి ఇంత ఖర్చు పెట్టాడు", "రవాణాకి ఇంత అయింది" అనే వాక్యం కనిపిస్తే దాన్ని ముందు ఖరీదులో కలిపేయండి. ఆ తర్వాతే శాతం.

నాలుగో మెట్టు: దొంగతూకం

ఇది పరీక్షలకి బాగా ఇష్టమైన లెక్క. అడవి పక్క సంతల్లో మాత్రం ఇది ఉత్త లెక్క కాదు. ఇప్పపువ్వు, చింతపండు, తేనె తెచ్చేవాళ్ళని దళారులు తూకంలోనూ ధరలోనూ ముంచేవాళ్ళు. ఆ దోపిడీకి అడ్డుగానే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది.

ప్రశ్న: ఒక దళారి కొనేటప్పుడు కిలోకి 1,100 గ్రాములు తూచుకుంటాడు, అమ్మేటప్పుడు కిలో అని 900 గ్రాములు ఇస్తాడు. ధర మాత్రం ఒకటే. లాభం ఎంత?

పదీ పదీ ఇరవై అనకండి. కిలో 1,000 రూపాయలు అనుకుందాం. 1,000 పెట్టి 1,100 గ్రాములు తెచ్చాడు. ప్రతి 900 గ్రాములకీ 1,000 వస్తుంది. అంటే 1,100 గ్రాములకి 1,222 రూపాయల చిల్లర. లాభం 22.22 శాతం. ఆప్షన్లలో 20 తప్పకుండా ఉంటుంది, మన కోసమే పెడతారు.

ఐదో మెట్టు: మారనిది పట్టుకోండి

పచ్చి పండుకాయలో 73 శాతం నీళ్ళు, ఎండిన మిరపలో 10 శాతం నీళ్ళు అనుకుందాం. 100 కిలోలు ఎండితే ఎన్ని కిలోలు అవుతుంది?

నేను టెస్టులో 73 లోంచి 10 తీసేసి, 63 పోయింది, 37 కిలోలు అని పెట్టాను. తప్పు. కల్లంలో ఎండేది నీళ్ళు, కాయలో మిగతా సరుకు ఎక్కడికీ పోదు. ఆ సరుకు 27 కిలోలు. ఎండాక కూడా అదే 27 ఉంటుంది, కానీ అప్పుడది మొత్తంలో నూటికి 90. 90కి 27 అయితే 100కి 30. జవాబు 30 కిలోలు. పాలూ నీళ్ళ లెక్కలు కూడా ఇంతే. ఏది మారదో చూసి దాన్ని పట్టుకోండి.

మీరు చేయండి

1. తునికాకు కట్టకి 50 ఆకులు. కట్ట రేటు 25 శాతం పెరిగింది. ఇంతకుముందు 200 కట్టలకి వచ్చిన డబ్బే రావాలంటే ఇప్పుడు ఎన్ని ఆకులు తక్కువ కోస్తే సరిపోతుంది?

2. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులకి, 2022లో 71.3 అడుగులకి వచ్చింది. 1986 కన్నా 2022లో ఎన్ని శాతం తక్కువ?

3. రెండు మేకపోతుల్ని ఒక్కోటి 9,900కి అమ్మారు. ఒకదాని మీద 10 శాతం లాభం, ఇంకోదాని మీద 10 శాతం నష్టం. మొత్తం మీద?

జవాబులు: 1. పాత 100 ఇప్పుడు 125, కాబట్టి 160 కట్టలు చాలు. 40 కట్టలు, అంటే 2,000 ఆకులు తక్కువ. 2. తేడా 4.3 అడుగులు. దాన్ని 75.6తో భాగించాలి, 71.3తో కాదు. సుమారు 5.7 శాతం. 3. ఖరీదులు 9,000, 11,000. మొత్తం 20,000 పెట్టి 19,800 తెచ్చారు. 1 శాతం నష్టం.

రెండో టెస్టులో నాకు పదికి ఎనిమిది వచ్చాయి. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నకి ఈ లెక్కంతా నోట్‌బుక్‌లో వేసి చూపించి, ఆ రోజు తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. నాన్న చాలాసేపు కాగితం వైపు చూసి, "ఈసారి అడిగినప్పుడు తొందరపడకు, ఫోన్ పెట్టేసి లెక్క వేసుకొని మళ్ళీ చెయ్యి" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

పక్కనే కూర్చున్న అమ్మమ్మ మాత్రం, "నన్ను అడిగితే చెప్పకపోదునా!" అంది.