సున్నములో దాగిన వేడిమి

పండుగలు వచ్చినను, బడులు తెరచు దినములు దగ్గరపడినను పంచాయతీ కట్టడములకు వెల్ల వేయించుట మన గ్రామములలో పరిపాటి. కాల్చిన సున్నపు గడ్డలపై నీరు చల్లినంతనే అవి పగిలి, పొంగి, ఆవిరులు గ్రక్కును. పొయ్యి లేదు, నిప్పు లేదు. అయినను నీరు మరగుచున్నది. ఈ వేడిమి ఎచ్చటనుండి వచ్చినది? ఉన్నత పాఠశాలలో విద్యార్థులు చదువుకొను రసాయన శాస్త్రపాఠ మొకటి ఈ ప్రశ్నలోనే ఇమిడియున్నది. పంచాయతీ సభ్యులును దానిని తెలిసికొనుట అవసరము. ఏలయన ఇది పనివారి కన్నులకును, ఆడుకొను పిల్లల క్షేమమునకును సంబంధించిన విషయము.

ముందుగా సున్నపు బట్టీని చూతము. పల్నాటిలోని పిడుగురాళ్ల ఈ బట్టీలకు పేరెన్నిక గన్నది. బట్టీలో సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చినపుడు అది విడిపోయి, బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. కాల్చిన సున్నము మిగులును. శుద్ధమైన రాయి 100 కిలోలు కాల్చిన, 56 కిలోల సున్నము మిగులును. 44 కిలోలు వాయువై పోవును. ఈ మార్పు ముగియువరకు వేడిమిని ఎడతెగక అందించవలెను. ఇట్లు వేడిమిని పుచ్చుకొని జరుగు మార్పును ఉష్ణగ్రాహక చర్య యందురు. నీటితో కలిసినపుడు సున్నము వేడిమిని విడుచును. ఇది ఉష్ణమోచక చర్య.

ఈ భేదమునకు కారణమేమి? పదార్థములోని పరమాణువులు బంధములచే కూడియుండును. పాత బంధములను తెంచుటకు శక్తిని వెచ్చింపవలెను. క్రొత్త బంధములు ఏర్పడునపుడు శక్తి వెలువడును. వెచ్చించినదానికంటె వెలువడినది హెచ్చైనచో, మిగులు వేడిమిగా బయటపడును. తక్కువైనచో, ఆ లోటును బయటినుండి పూడ్చవలెను. పంచాయతీ ఆయవ్యయముల లెక్కయు ఇట్టిదే గదా!

ఒక కిలో సున్నపురాతి జమాఖర్చును పరిశీలింతము. అది విడిపోవుటకు పుచ్చుకొను వేడిమి సుమారు 1,780 కిలోజౌళ్లు. మిగిలిన 560 గ్రాముల సున్నము నీటితో కలిసినపుడు సుమారు 650 కిలోజౌళ్లు తిరిగి వచ్చును. మిగిలిన 1,130 మాట యేమి? గోడకు పూసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మరల సున్నపురాయిగా గట్టిపడును. అప్పుడు ఆ శేషమును చెల్లించును. అది బహుదినములు జరుగుటచే మన చేతికి వేడి తగులదు. అన్నియు ఒకే ఉష్ణోగ్రతకు లెక్కించినచో జమయు ఖర్చును సరిపోవును. చర్య ఒక్క మెట్టులో జరిగినను, పెక్కు మెట్లలో జరిగినను మొత్తము వేడిమి మారదని 1840లో సెయింట్ పీటర్స్‌బర్గులోని రసాయన శాస్త్రజ్ఞుడు హెస్ ప్రకటించెను. శక్తి నశింపదు; రూపము మార్చుకొని దాగియుండును.

దాగిన శక్తి ఒక్కసారిగా బయటపడుటలోనే ప్రమాదమున్నది. ఒక కిలో శుద్ధమైన కాల్చిన సున్నము విడుచు వేడిమి మూడున్నర లీటర్ల నీటిని మరగించుటకు చాలును. కొద్దిపాటి నీరే పోసినచో ఆ వేడిమి యంతయు ఒక్కచోట చేరి, సున్నము చిమ్మి పైబడును. అది చర్మమును కాల్చును. కంటబడినచో చూపునే హరింపవచ్చును.

కావున వెల్ల పని చేయించునపుడు సభ్యులు ఈ జాగ్రత్తలను పాటింప జేయవలెను:

1. సున్నపు కుప్పపై నీరు పోయరాదు. ఇనుప తొట్టిలో నీరు సమృద్ధిగా నింపి, అందు సున్నమును కొంచెము కొంచెముగా వేయవలెను. ప్లాస్టిక్ బకెట్లు ఇందుకు పనికిరావు.

2. పనివారికి కంటి అద్దములు, చేతితొడుగులు పంచాయతీయే సమకూర్చవలెను.

3. తొట్టి చుట్టును కంచె వేసి, సున్నము చల్లారువరకు పిల్లలను దరిజేరనీయరాదు. బడి ఆవరణలో సెలవు దినములందే ఈ పని ముగించుట మేలు.

4. కాల్చిన సున్నమును తడి తగులని చోట నిలువ చేయవలెను. వాన నీరు సోకినచో పుట్టు వేడిమికి గోనెసంచులును, గడ్డియు అంటుకొనవచ్చును.

5. కంట సున్నము పడినచో నూనె, నెయ్యి వంటివి వేయరాదు. వెంటనే శుభ్రమైన నీటిధారతో అరగంటసేపు కడుగుచు, ఆలస్యము చేయక వైద్యునికడకు చేర్చవలెను.

బడి గోడ తెల్లబడుట సంతోషకరమే. ఆ గోడల నడుమ పిల్లలు నేర్చుకొను పాఠమును గోడకు వెల్లవేయు పెద్దలును ఎరిగియుండినచో, ఆ తెలుపు ఎవరి కంటి వెలుగునకును ముప్పు తేకుండును.