బైసికిలు సీటు జాఱుట – కారణములు, సవరించు విధము

బైసికిలునకు చక్రములును బ్రేకులును ముఖ్యములని యెల్లరు నెఱుగుదురు. సీటును మాత్రము పెక్కుమంది లక్ష్యపెట్టరు. కాని త్రొక్కుచుండగా సీటు ముక్కు తటాలున వ్రాలినచో, ఎక్కినవాని భారము చేతులమీద పడి హ్యాండిలు వంకరపోవును. వెనుక క్యారియరుపై చెల్లెలో తమ్ముడో కూర్చుండియున్నచో అపాయ మిరువురకును గలుగును. కావున ఈ లోపమును సవరించు విధమును బాలబాలికలకును వారి తలిదండ్రులకును ఇచ్చట వివరింప దలంచినారము.

లోపమును గుర్తించుట: సీటు ముక్కును పట్టుకొని పైకి క్రిందికి ఆడింపుడు; పిమ్మట కుడియెడమలకు త్రిప్పుడు. గొట్టము కదలక సీటు మాత్రమే ఊగినను, తిరిగినను, లోపము సీటు క్రింది క్లిప్పునందు గలదు. సీటుతోకూడ గొట్టము తిరిగినను, క్రిందికి దిగిపోయినను, లోపము ఫ్రేముమీది సీటుబోల్టునందు గలదు.

క్లిప్పు పనిచేయు విధము: మన వీథులలో కనబడు సాధారణపు సైకిళ్ల క్లిప్పునకు అడ్డముగా నొక బోల్టును, దాని రెండు కొనల రెండు నట్లును ఉండును. సీటు కమ్ములను పట్టియుంచుట, గొట్టమును బిగించుట, పండ్లుగల బిళ్లలను ఒకదానితో నొకటి నొక్కియుంచుట అను మూడు పనులను ఈ యొక్క బోల్టే చేయుచున్నది.

పై తరగతులవారు మీటసూత్రమును చదివియే యుందురు. 50 కిలోల బాలుని భారము బోల్టునకు 5 సెంటీమీటర్లు వెనుకగా పడుచున్నదనుకొందము. పండ్లు బోల్టు నడిమినుండి 1 సెంటీమీటరు దూరమున నున్నచో, అవి 250 కిలోల బరువునకు సమానమగు బలమును ఆపవలయును. రెండు ప్రక్కలును పంచుకొన్నను ఒక్కొక్కదానికి 125 కిలోలు వచ్చును. చక్రము గోతిలో పడినప్పుడు ఇది యింకను హెచ్చును. నట్లు వదులైనచో పండ్లు ఒండొంటిపై యెక్కి, ఒరసికొని, అరిగిపోవును. అరిగిన పిమ్మట ఎంత బిగించినను నిలువవు. ఇందుచేతనే వదులైన దినముననే బిగింపవలయునని మేము పలుమారు చెప్పుచుందుము.

క్లిప్పును సవరించుట: నట్టుకు సరిగా పట్టు స్పానరు తీసికొని, పండ్లు విడివడునంతవఱకు రెండు నట్లను వదులు చేయుడు. పండ్లలోని మట్టిని కిరసనాయిలు తడిపిన బ్రష్షుతో తోమి, పొడిగుడ్డతో తుడువుడు. పండ్లు నున్ననైనచో క్రొత్త క్లిప్పు వేయవలయును. దానికొఱకు సీటంతయు మార్చ నక్కఱలేదు. తరువాత క్లిప్పును గొట్టముపై పూర్తిగా దించి, సీటుపై నొక పలక నుంచి, అది నేలకు సమముగా నుండునట్లు పండ్లలో పండ్లు కూర్చుడు. పిమ్మట రెండు నట్లను కొంచెము కొంచెముగా, ఒకదాని తరువాత నొకటి బిగింపుడు. బోల్టు మరలకు ఒక చుక్క నూనె చాలును. సీటును రాతితో కొట్టి సరిచేయరాదు, కమ్ములు వంగును.

గొట్టమును సవరించుట: సీటుబోల్టును వదులు చేసి, గొట్టమును వెలికి తీసి, త్రుప్పు తుడిచి, పలుచగా గ్రీజు రాయుడు. మరల దింపునప్పుడు కనీసము 6½ సెంటీమీటర్లు ఫ్రేములోపల నుండవలయును. గొట్టముపై హద్దుగీత యున్నచో అది వెలుపలికి కనబడరాదు. పొడుగుకాళ్లవారు దీనిని మఱచి గొట్టమును మితిమీఱి పైకెత్తుదురు. అది వంగుటయో, ఫ్రేము పగులుటయో సంభవించును. బోల్టును బిగింపగా ఫ్రేము చెవులు రెండును తాకియు గొట్టము జాఱుచున్నచో, గొట్టము సన్నమైనదని యెఱుగుడు. రేకుముక్క దూర్చుట తాత్కాలికోపాయమే. సరియైన కొలతగల గొట్టమే దానికి మందు.

పరీక్ష: పనియైన పిమ్మట గోడ నానుకొని సీటుపై కూర్చుండి, ముందునకు వెనుకకు బలముగా ఊగి చూడుడు. కదలకున్నచో రహదారిపైకి పోవచ్చును. క్రొత్తగా బిగించిన నట్లు కొన్నిదినములకు కొంత సడలును గనుక, వారము దినములకు మరల నొకసారి బిగింపవలయును. పిల్లలు చేసిన ఈ పనిని తలిదండ్రులు స్వయముగా ఆడించి చూచిన పిమ్మటనే, చిన్నవారిని వెనుక నెక్కించుకొన ననుమతి యొసగుట మంచిదని మా మనవి.